అలకపాన్పు నుంచి దించేదెవరు?

“మీ నాన్నను భోజనానికి రమ్మను.”

ఆ నాన్న ఉన్నది పది అడుగుల దూరంలోనే, హాల్లో సోఫా మీద. మాట ఆయనకు వినిపించింది. అయినా ఎనిమిదేళ్ల పాప వెళ్లి మళ్లీ చెబుతుంది: “నాన్నా, అమ్మ భోజనానికి రమ్మంటోంది.” “ఆకలిగా లేదని చెప్పు.” పాప వెనక్కి వచ్చేసరికే ఆ జవాబు వంటగదికి చేరిపోయింది. పప్పు గిన్నె మీద మూత పడిన చప్పుడు రోజూ కంటే కాస్త గట్టిగా ఉంటుంది. ఆ చప్పుడూ సంభాషణలో భాగమే.

తెలుగు ఇళ్లలో పెరిగినవారికి ఈ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. దంపతులతో పనిచేసే థెరపిస్టులకు మాత్రం ఇందులో చూడవలసింది చాలా ఉంటుంది. గొడవ దేని గురించి వచ్చిందన్నది వారు తర్వాత అడుగుతారు. అత్తగారి మందుల ఖర్చు కావచ్చు, పండక్కి ఏ ఊరు వెళ్లాలన్న పేచీ కావచ్చు. ముందుగా తెలుసుకోవాలనుకునేది ఈ మౌనం ఎలా ముగుస్తుందని. రాత్రి పడుకునేలోపే ముగుస్తుందా, మూడు రోజులు సాగుతుందా? ముగించే పని ప్రతిసారీ ఒక్కరి మీదే పడుతోందా? లేక ముగియకుండానే మర్నాటి పనుల కింద పడి కనిపించకుండా పోతోందా? దంపతుల మీద గత నాలుగైదు దశాబ్దాల్లో జరిగిన పరిశోధన అంతా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తోంది. గొడవ పడని జంటలంటూ ఉండవు. కలిసి బతకగలిగిన జంటలకు, గొడవ తర్వాత వెనక్కి రావడానికి ఒక దారి తెలిసి ఉంటుంది.

ఆ దారికి తెలుగులో పాత పేరే ఉంది. అలక తీర్చడం అంటారు.

అలగడానికి మనవాళ్లు కావాలి

కోపానికీ అలకకూ ఉన్న తేడా తెలుగు వాక్యంలోనే కనిపిస్తుంది. కోపం వస్తుంది. బాధ కలుగుతుంది. ఏడుపు, భయం, విసుగు, అన్నీ ఎక్కడినుంచో వచ్చి తాకేవే. వాక్యంలో మనిషి ‘నాకు’ అంటూ ఓ పక్కన నిలబడతాడు. అలగడం అలాంటిది కాదు. అలిగింది, అలిగాడు అంటాం. అది మనిషి పూనుకుని చేసే పని. పైగా ఒకరి మీద చేసే పని. కోపం ఎండ మీద రావచ్చు, ట్రాఫిక్ మీద రావచ్చు, ప్రభుత్వం మీద రావచ్చు. అలగడానికి మాత్రం మనవాళ్లే కావాలి. బ్యాంకు మేనేజరు మీద అలిగినవాడిని చూసి లోకం నవ్వుతుంది. అలిగేవారి మనసులో ఒక లెక్క ఉంటుంది: ఈ మనిషి గమనిస్తాడు, దగ్గరకొచ్చి అడుగుతాడు. ఆ నమ్మకం లేనిచోట కోపం ఉంటుంది, దుఃఖం ఉంటుంది, అలక ఉండదు.

అలిగినవారు ఆ క్షణంలో ఆ సంగతి ఒప్పుకోరు. “ఏమైంది?” అంటే “ఏమీ లేదు” అంటారు. ఆ ‘ఏమీ లేదు’ను ఉన్నదున్నట్టుగా తీసుకుని చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయే మనిషికి తెలుగు రాదనే అనుకోవాలి. “అవును, అలిగాను” అన్న మాట నోట వచ్చిందంటే అప్పటికే సగం తీరినట్లు.

జపాన్ మనోవైద్యుడు తకేవో దోయి ఇలాంటి భావం మీదే తన పరిశోధనంతా నిలబెట్టాడు. 1950లో తొలిసారి అమెరికా వెళ్లినప్పుడు ఒకరింట్లో “ఆకలిగా ఉందా? ఐస్‌క్రీమ్ ఉంది” అని అడిగారట. ఆకలిగానే ఉన్నా, మొదటిసారే ఔననడం మర్యాద కాదని వద్దన్నాడు. ఇంకోసారి అడుగుతారని ఎదురుచూశాడు. “సరే” అని వాళ్లు ఊరుకున్నారు. వద్దన్నా రెండో గరిటె వడ్డించే ఇళ్లలో పెరిగిన తెలుగువాడికి ఆ ఐస్‌క్రీమ్ బాధ వెంటనే అర్థమవుతుంది. ఎదుటివారి ఆదరణ మీద చనువుగా ఆనుకోవడాన్ని జపాన్ భాషలో ‘అమాయె’ అంటారు. 1971లో వచ్చిన తన పుస్తకంలో దోయి దాన్ని జపాన్ మనస్తత్వానికి తాళంచెవిగా చూపించాడు. మూతి ముడుచుకోవడం, తనను పట్టించుకోలేదని నొచ్చుకోవడం, మనసులో కక్ష పెట్టుకోవడం, ఇవన్నీ ఆ చనువు చెల్లకపోయినప్పుడు పుట్టేవే అన్నాడు. అడగకుండానే అర్థం చేసుకోవాలన్న ఆశ పాశ్చాత్య మనస్తత్వ గ్రంథాల్లో చాలాకాలం పసితనంగా, అపరిపక్వతగా కనిపించింది. దోయి దాన్ని బంధానికి మూలధాతువుగా చూశాడు. అలక గురించి ఆలోచించే తెలుగు థెరపిస్టుకు ఆయన పనికొచ్చే చుట్టం.

అలకను ఒక వేడుకగా కూడా మార్చిన సమాజం మనది. కొన్ని ప్రాంతాల్లో పెళ్లిలో కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కుతాడు. ఏదో ఒక కానుక ఇస్తే తప్ప దిగనంటాడు. ఒకప్పుడు చేతి గడియారంతోనో సైకిలుతోనో దిగేవాడు, తర్వాత స్కూటరు దాకా వెళ్లింది. అత్తమామలు బతిమాలతారు, బావమరదులు ఆటపట్టిస్తారు, చివరికి దిగుతాడు. కట్నం వాసన కొట్టే ఈ తంతును మెచ్చుకోవలసిన అవసరం లేదు. కానీ దాని కట్టడి చూడదగ్గది. అలక్కి ఒక చోటుంది, చూసేవాళ్లున్నారు, దింపే బాధ్యత ఎవరిదో ముందే తెలుసు, ఎప్పటికి ముగియాలో కూడా తెలుసు. ముహూర్తం దాటి ఏ అల్లుడూ పాన్పు మీద కూర్చోడు.

ఆ పాన్పు కోడలికి లేదన్నది కూడా గమనించాలి. మెట్టినింట్లో కొత్త కోడలు అలిగితే ‘పొగరు’ అన్నారు. ఆమె అలగగలిగింది పుట్టింట్లోనే. ఒక ఇంట్లో ఎవరెవరికి అలిగే హక్కుందో రాసుకుంటే ఆ ఇంటి అధికార పటం తయారవుతుంది. అలిగితే బతిమాలించుకునేవారు కొందరు, అలిగినా ఎవరూ గమనించనివారు కొందరు, అలగడమే మానేసినవారు కొందరు. థెరపిస్టులు ఎక్కువగా ఆందోళన పడేది ఈ మూడో రకం గురించే.

తిరుపతి వేంకట కవుల నాటక పద్యం ఒకటి పల్లెటూరి రంగస్థలాల మీద వందేళ్లుగా మోగుతోంది. అలగడమే ఎరుగని ధర్మరాజు అలిగిన నాడు సముద్రాలన్నీ ఏకమైపోతాయని రాయబారంలో కృష్ణుడు హెచ్చరిస్తాడు. విడాకుల దాకా వచ్చిన జంటల్లో ఒకరు “మేము ఎప్పుడూ గొడవే పడలేదండీ, ఉన్నట్టుండి ఇలా అంది” అనడం కౌన్సెలర్లకు బాగా పరిచయమైన మాట. ఉన్నట్టుండి కాదు. అలగడం మానేసి చాలా కాలమైంది, అది శాంతిలా కనిపించింది. చెరువు కట్టకు నిండిన నీళ్లు పొర్లిపోవడానికి కట్టే గట్టునూ అలుగు అనే అంటారు. అర్థం వేరు, మాట ఒకటే. అలుగు పారుతున్న చెరువును చూసి ఊరివాళ్లు ఎవరూ భయపడరు.

బయటికి రాయి, లోపల దడ

అలకలాగే కనిపించే మౌనం మరొకటి ఉంది. అందులో ఎదురుచూపు ఉండదు. మనిషి ఎదురుగానే ఉంటాడు, ముఖంలో ఏ మార్పూ ఉండదు, ఊ కొట్టడు, కళ్లలోకి చూడడు. దీన్ని దగ్గరగా పరిశీలించినవారిలో అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ ముఖ్యుడు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో దంపతుల చేత తమ మధ్య తెగని విషయాన్ని మాట్లాడించి, వీడియో తీసి, గుండె వేగం, చెమట కొలిచేవారు. కాపురాన్ని తినేసే ధోరణులుగా ఆయన నాలుగింటిని చూపించాడు. వాటికి పరిభాష వెతుక్కోవలసిన పనే లేదు, మన ఇళ్లలో అన్నిటికీ పేర్లున్నాయి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అని మనిషినే తప్పు పట్టే దెప్పిపొడుపు. చులకన, ఈసడింపు. ‘నేనేం చేశాను, నువ్వు చేసింది చూసుకో’ అనే ఎదురు నింద. నాలుగోది ఈ బిగుసుకుపోవడం. నాలుగింటిలో అన్నిటికంటే విషం ఈసడింపు అంటాడు గాట్‌మన్. “మీ వాళ్లకు ఇంతకంటే ఏం తెలుస్తుందిలే” అంటూ పెదవి విరవడం ఒక్కసారి చూసినవారికి ఆయన చెప్పకపోయినా తెలుసు.

ఆ కొలతల్లో బయటపడ్డ అసలు విషయం బిగుసుకుపోయినవారి గుండె. బయటికి రాయిలా ఉన్న మనిషి గుండె నిమిషానికి వంద సార్లకు మించి కొట్టుకుంటోంది. భార్య చూస్తున్నది నిర్లక్ష్యం. లోపల జరుగుతున్నది శరీరం ప్రమాదాన్ని పసిగట్టి తలుపులన్నీ మూసేయడం. ఆయన చూసిన జంటల్లో ఇలా బిగుసుకుపోయినవారిలో నూటికి 85 మంది మగవారు. ఒక ప్రయోగంలో గొడవ మధ్యలో పరికరాలు సరిచేయాలన్న సాకుతో మాట ఆపించి, అరగంట పత్రికలు చదువుకోమన్నారు. మళ్లీ మొదలుపెట్టేసరికి గుండెలు నెమ్మదించాయి, అదే విషయం మీద అదే జంట మరోలా మాట్లాడుకుంది. ‘కాసేపు అలా బయటికి వెళ్లి రా’ అని పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇది గట్టి ఆధారమే. కాకపోతే వెళ్లేవారు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లాలి. చెప్పకుండా వెళ్తే, ఇంట్లో ఉన్నవారికి ఆ అరగంట విశ్రాంతి కాదు, శిక్ష.

మరి సాధింపు మాటేమిటి? “ఒకటే నస, అందుకే మాట్లాడను” అని భర్త. “మాట్లాడడు, అందుకే అన్నిసార్లు అడగాల్సి వస్తుంది” అని భార్య. ఇద్దరూ చెప్పేది నిజమే, ఎవరి కథ వారి దగ్గర మొదలవుతుంది. ఒకరు తరమడం, ఒకరు తప్పించుకోవడం అనే ఈ గొలుసును ఆండ్రూ క్రిస్టెన్‌సెన్, క్రిస్టఫర్ హెవీ 1990లో ఒక తెలివైన పద్ధతిలో పరీక్షించారు. ప్రతి జంట చేతా రెండు విషయాలు మాట్లాడించారు. ఒకటి భార్య మార్పు కోరుకునేది, రెండోది భర్త మార్పు కోరుకునేది. భార్య కోరిన విషయంలో ఆమె వెంటపడింది, ఆయన తప్పుకున్నాడు. భర్త కోరిన విషయం వచ్చేసరికి ఆ తేడా మాయమైంది. అంటే సాధింపు ఆడవారి పుట్టు గుణం కాదు. మార్పు ఎవరికి అవసరమో వారు అడుగుతూనే ఉంటారు, ఉన్నది ఉన్నట్టుగా సౌకర్యంగా ఉన్నవారు మౌనంగా ఉండగలరు. ఇంటి చాకిరీ పంపకం చూస్తే ఏ మార్పు ఎవరికి ఎక్కువ అవసరమో పరిశోధన లేకుండానే తెలుస్తుంది.

పెద్దవాళ్ల మౌనాన్ని పసివాళ్లు ఎలా చదువుతారో ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చూపించాడు. నెలల పిల్లతో ఆడుతున్న తల్లిని, రెండు నిమిషాల పాటు ఏ భావం లేని ముఖంతో ఊరికే చూస్తూ ఉండమన్నాడు. పిల్ల ముందు నవ్వింది, చేతులు చాచింది, కేక వేసింది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పుకుంది. ఆ దృశ్యం చూసినవారు మరిచిపోలేరు. కానీ ఆయన పరిశోధనలో ఇంతకంటే ఊరటనిచ్చే భాగం మరొకటి ఉంది. మామూలుగా ఆడుకునేటప్పుడు కూడా తల్లీ బిడ్డా శ్రుతి కలిసి ఉండేది సుమారు 30 శాతం సమయమే. మిగతా సమయమంతా తప్పడం, సరిచేసుకోవడం, మళ్లీ తప్పడం. సరిచేసుకోవడం చూస్తూ పెరిగిన బిడ్డకు తప్పడం అంటే భయం ఉండదు.

మొదట చూసిన పాప సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి. ఇద్దరి మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడు మూడో మనిషిని లాగి ఆ బరువు పంచుతారని, కుటుంబ చికిత్సకు పునాదులు వేసిన మర్రీ బోవెన్ చెప్పాడు. దానికి ఆయన త్రికోణం అని పేరు పెట్టాడు. మన ఇళ్లలో ఆ మూడో కోణం తరచూ పిల్లలే. టపా మోయడం వరకైతే పెద్ద నష్టం లేదు. అమ్మ మాటను మెత్తబరిచి నాన్నకు, నాన్న మాటను మెత్తబరిచి అమ్మకు చేర్చడం ఆ పాప నేర్చుకున్న రోజు నుంచి ఇంట్లో ఒక చిన్న థెరపిస్టు తయారైనట్టే, జీతం లేకుండా. తల్లిదండ్రులు రాజీ పడేది గది తలుపు వేసుకున్నాక కాబట్టి పిల్లలకు గొడవ మొత్తం కనిపిస్తుంది, రాజీ మాత్రం కనిపించదు. ఇది మార్చుకోవడం అంత కష్టమేమీ కాదు.

తువ్వాలు ఎక్కడుందో ఆయనకు తెలుసు

భార్యాభర్తల మధ్య వాడుకునే క్షమాపణ పదం తెలుగులో లేదంటే అతిశయోక్తి కాదు. ‘క్షమించు’ అంటే నాటకం వేస్తున్నట్టుంటుంది. ‘సారీ’ బస్సులో కాలు తొక్కినప్పుడూ అంటాం కాబట్టి దానికి బరువు చాలదు. అందుకే మన దగ్గర రాజీ మాటల్లో కంటే పనుల్లో నడుస్తుంది. ఎక్కడుందో బాగా తెలిసిన తువ్వాలు గురించి “నా తువ్వాలు ఎక్కడ పెట్టావు?” అని అడగడం. “కరెంటు బిల్లు కట్టారా?” అని మామూలు కంటే ఒక మెట్టు తగ్గిన గొంతుతో వాకబు చేయడం. అడగకుండానే కాఫీ గ్లాసు తెచ్చి, చేతికివ్వకుండా, చేతికి అందేంత దూరంలో బల్ల మీద పెట్టి వెళ్లిపోవడం. “అన్నం తిన్నావా?” అన్న ప్రశ్నకు తెలుగులో ఉన్న అర్థాల్లో ఆకలి గురించినది ఒక్కటే.

గాట్‌మన్ ఇలాంటివాటిని ‘మరమ్మతు ప్రయత్నాలు’ అన్నాడు. ప్రయత్నం ఎంత అందంగా ఉందన్నది లెక్కలోకి రాదు, అవతలివారు అందుకున్నారా లేదా అన్నదే లెక్క. తువ్వాలు ప్రశ్నకు “నాకేం తెలుసు” అంటే తలుపు మూసుకుంది. “తీగ మీదే ఉంది, కళ్లు కనిపించడం లేదా” అంటే విసురులోనే తలుపు తెరుచుకుంది. చిన్న చిన్న పిలుపులకు స్పందించడం మీద ఆయన చెప్పిన అంకెలు బాగా ప్రచారం పొందాయి. ఆరేళ్ల తర్వాతా కలిసి ఉన్న కొత్త జంటలు భాగస్వామి పిలుపులకు నూటికి 86 సార్లు స్పందించాయని, విడిపోయినవి 33 సార్లేనని ఆయన చెప్పాడు. ఫలానా జంట విడిపోతుందని 90 శాతం కచ్చితత్వంతో ముందే చెప్పగలమన్న మాట కూడా ఆ ప్రచారంలోదే. దీన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. ఏ జంటల ఫలితం ముందే తెలుసో ఆ జంటల మీదే సూత్రం కట్టి, దాన్నే జోస్యంగా చెప్పడం సరికాదని, కొత్త జంటల మీద పరీక్షిస్తే కచ్చితత్వం బాగా పడిపోతుందని రిచర్డ్ హేమన్, ఏమీ స్లెప్ 2001లోనే చూపించారు. పరిశోధనశాలలో జాతకాలు చెప్పడం కుదరదు. అక్కడ చూసిన ప్రవర్తన మాత్రం నిజమైనదే.

భాగస్వామి దగ్గరితనం మాటలకు ముందే ఒంటి మీద పనిచేస్తుందనడానికి మంచి ఉదాహరణ జేమ్స్ కోన్ 2006లో ప్రచురించిన ప్రయోగం. 16 మంది వివాహితలను మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న విద్యుత్ షాక్ తగలవచ్చని హెచ్చరించారు. ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఎవరో కొత్తవారి చేయి పట్టుకున్నప్పుడు మెదడులో బెదురు కొంత తగ్గింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు ఇంకా తగ్గింది. దాంపత్యం బాగున్నవారిలో ఆ తగ్గుదల మరింత ఎక్కువ. పదహారు మందితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా చేయి వదలని ముసలి దంపతులను చూసినవారికి మాత్రం ఇందులో ఆశ్చర్యం ఉండదు.

అలక తీర్చడానికి ఒకప్పుడు మధ్యవర్తులుండేవారు. వదినో, మేనత్తో, పక్కింటి పిన్నిగారో వచ్చి “ఏమిటే ఇది, వాడు అక్కడ అన్నం మానేసి కూర్చున్నాడు” అని ఇటు, “పాపం పొద్దుటినుంచి ఏడుస్తోందిరా” అని అటు చెప్పేవారు. రెండూ పూర్తి నిజాలు కాకపోవచ్చు. ఎవరూ ముందుగా తగ్గకుండానే ఇద్దరూ దిగడానికి ఆ అబద్ధాలు నిచ్చెనలయ్యేవి. కూకట్‌పల్లిలో పద్నాలుగో అంతస్తులోని ఫ్లాటుకు ఆ వదిన రాదు. డాలస్‌లో వేసవి రాత్రి తొమ్మిదైతే హైదరాబాద్‌లో ఉదయం ఏడున్నర. ఆ వేళకు వీడియో కాల్ వస్తుంది, మూడు రోజులుగా మాటల్లేని ఇద్దరూ ఒకే తెరలో పక్కపక్కన కూర్చుని “బాగున్నాం అత్తయ్యా” అంటారు. కాల్ ముగిశాక చెరో గది.

పాత ఏర్పాటును తలుచుకుని నిట్టూర్చడం కూడా పొరపాటే. ఆ మధ్యవర్తులు చివరికి చెప్పేది చాలాసార్లు ఒకటే మాట: సర్దుకుపో. అదీ ఆమెకే. సర్దుకుపోవడం వేరు, సరిచేసుకోవడం వేరు. మొదటిదానిలో బాధ ఎక్కడికీ పోదు, లోపలికి వెళుతుంది. ఎమిలీ బట్లర్ బృందం 2003లో ఒకరికొకరు పరిచయం లేని మహిళలను జంటలుగా కూర్చోబెట్టి, అణుబాంబు విధ్వంసం మీద తీసిన చిత్రం చూపించి మాట్లాడుకోమంది. కొందరికి మాత్రం భావాలు పైకి కనిపించనీయవద్దని రహస్యంగా చెప్పింది. దాచుకున్నవారికే కాదు, అవతల కూర్చుని ఏమీ తెలియకుండా మాట్లాడినవారికి కూడా రక్తపోటు పెరిగింది. ‘నేను భరిస్తున్నాను కదా, ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు’ అనుకునేవారు ఒకసారి ఆలోచించవలసిన ఫలితం ఇది. మన ఆసుపత్రుల్లో ఇలా లోపలికి వెళ్లిన బాధ తలనొప్పిగా, గుండెదడగా, నీరసంగా, నిద్ర పట్టకపోవడంగా డాక్టరు ముందుకు వస్తుంది. పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి.

వదిన లేని లోటును కాగితం మీదైనా పూడ్చవచ్చునేమోనని ఎలీ ఫింకెల్ బృందం షికాగో ప్రాంతంలో 120 జంటల మీద చూసింది. ఫలితాలు 2013లో వచ్చాయి. మొదటి ఏడాది అందరి సంతృప్తీ మెల్లగా తగ్గుతూ వచ్చింది. రెండో ఏడాది సగం జంటలకు ఒక చిన్న పని ఇచ్చారు. నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాలు, తమ మధ్య జరిగిన గొడవను ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి చూస్తే ఎలా కనిపిస్తుందో రాయాలి. ఏడాదికి మొత్తం 21 నిమిషాలు. ఆ జంటల్లో తగ్గుదల ఆగింది, మిగతావారిలో కొనసాగింది. గొడవల సంఖ్య తగ్గలేదు, గొడవ పెట్టే బాధ తగ్గింది. ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి అంటే ఎవరు? ఏ పక్షమూ వహించని వదినే. నిజం వదిన అలా ఉండడం అరుదు, ఊహలో వదినకు ఆ ఇబ్బంది లేదు.

మంచి థెరపిస్టు చేసేదీ దాదాపు ఇదే, కాస్త లోతుగా. కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో రూపొందించిన పద్ధతి గొడవ వేగాన్ని తగ్గిస్తుంది. “ఆవిడ గొంతు పెంచగానే మీరు కిటికీ వైపు చూశారు. ఆ క్షణంలో లోపల ఏమైంది?” అని అడుగుతారు. చాలాసేపటికి “ఏం చెప్పినా తప్పే అవుతుందనిపించింది” అన్న జవాబు వస్తుంది. పదేళ్లుగా నిర్లక్ష్యమనుకున్నది భయమని భార్య మొదటిసారి వింటుంది. ఆమె సాధింపు కింద ‘నేనున్నానని అసలు గుర్తుందా?’ అన్న ప్రశ్న ఉందని ఆయన వింటాడు. అలక ఎప్పుడూ అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే.

ఇదంతా ఇద్దరూ ఒకరికొకరు భయపడనిచోట మాత్రమే చెల్లుతుంది. దెబ్బలున్న ఇంట్లో, డబ్బు, ఫోను, రాకపోకలు ఒకరి గుప్పిట్లో ఉన్న ఇంట్లో రెండోవారి మౌనానికి అలక అన్న పేరు పెట్టకూడదు. అది ప్రాణరక్షణ. అలాంటి జంటను పక్కపక్కన కూర్చోబెట్టి మనసు విప్పమంటే, గదిలో విప్పిన మాటకు ఇంటికెళ్లాక మూల్యం చెల్లించవలసి వస్తుంది. అందుకే జాగ్రత్తగల కౌన్సెలర్లు ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతారు. 2005 గృహహింస నిరోధక చట్టం కొట్టడంతో ఆగదు, మాటలతో, మానసికంగా హింసించడాన్ని కూడా గృహహింసగానే చూస్తుంది. సహాయానికి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. మనసు బాగాలేనివారెవరైనా మాట్లాడటానికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 ఉంది. అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు.

తెలుగు సాహిత్యంలో అన్నిటికంటే పేరున్న అలక సత్యభామది. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడని తెలిసి ఆమె మంచమెక్కింది. నంది తిమ్మన కథలో కృష్ణుడు వచ్చి కాళ్ల మీద వాలితే ఎడమ కాలితో తల తోసేసింది. దానికి ఆయన కోపం తెచ్చుకోలేదు, తన తప్పేమీ లేదని వాదించనూ లేదు. అది నెయ్యపు కినుక, నాకు మన్ననే, పులకరించి ముళ్లలా లేచిన నా వెంట్రుకలు తగిలి నీ పాదం నొచ్చి ఉంటుందేమోనని మాత్రమే నా దిగులు అన్నాడు. స్వర్గానికి వెళ్లి ఇంద్రుడితో తలపడి చెట్టునే తెచ్చాడు.

దంపతుల మధ్య తగువుల్లో 69 శాతం ఎప్పటికీ తెగేవి కావని, కాపురమంతా ఏదో ఒక రూపంలో తిరిగి వస్తూనే ఉంటాయని గాట్‌మన్ లెక్క. సత్యభామ పెరట్లో పారిజాతం నాటుకుంది. రుక్మిణి మాత్రం ద్వారక విడిచి ఎక్కడికీ వెళ్లలేదు.